పరువు పోతే మంచిదే తాతా

పెదనాన్న పోయాడని రాయపురం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను అప్పడాలు వేయిస్తున్నాను. ఫోను చేసింది మా అమ్మ. "బావగారు పోయినారమ్మా" అని, "పొద్దున దోసె ముట్టలా. అప్పుడే అనుకున్నా" అంది. వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేసరికి మూకుట్లో అప్పడం మాడిపోయింది. దాన్ని తీసి పారేసి మిగతావి వేయించాను. శనివారం కావడంతో పిల్ల ఒంటిపూట బడి నుంచి వచ్చింది, మా ఆయన భోజనానికి వచ్చాడు. ముగ్గురం తిన్నాక చెప్పాను. ముందే చెప్పొచ్చు కదా అన్నాడాయన, నా వంక అదోలా చూస్తూ. చావు కబురు విన్నాక అన్నం తినకూడదంటారు. పెదనాన్న బతికుంటే తినమనే అనేవాడు.

ఏడుపు రాలేదు. మైలాపూరు నుంచి రాయపురం దాకా పిల్లతో ఆటోలో పోతూ ఎదురుచూశాను, ఏ మలుపులోనైనా వస్తుందేమోనని. హార్బరు దగ్గర లారీలు అడ్డంగా నిలబడి దారి ఇవ్వలేదు. డ్రైవరు వాళ్లను తిట్టాడు. నేను మీటరు చూస్తూ కూర్చున్నాను.

ఆయన మా నాన్నకు అన్న. మా ఇంట్లో అందరిదీ చింతపండు హోల్‌సేలు. ఆయన ఒక్కడే దుకాణం గద్దె ఎక్కకుండా ఇంగ్లీషు చదివి, కాలేజీలో లెక్చరరు అయ్యాడు. ఆయన పాఠం గ్రీకుల పాత యుద్ధకావ్యాలు, ఇంగ్లీషు అనువాదంలో. మా తాతకు ఈ ఉద్యోగం ఏమిటో చివరిదాకా అంతుపట్టలేదట. సంబంధాలవాళ్లు అడిగితే "పెద్దోడు గ్రీకు యవ్వారం చూస్తాడు" అనేవాడట. వాళ్లు అదేదో ఎగుమతి వ్యాపారం అనుకుని పిల్లనిచ్చారు. ఆ పెద్దమ్మ నేను పుట్టకముందే పోయింది. పిల్లల్లేరు. ఇంట్లో మేడ మీద గది ఆయనది, కింద అంతా మాది.

ఎవరినీ ఉత్త పేరుతో పిలిచేవాడు కాదు. ముందు ఒక విశేషణం తగిలించాలి. ఆ కావ్యాల్లో ఏ వీరుడూ విశేషణం లేకుండా గుమ్మం దాటడట. పాలవాడు 'నురుగు చెంబుల' సెల్వం. మా అమ్మ 'ఇంగువ చేతుల' తల్లి. నేను 'గాజుల చేతుల' పిల్లని, గాజులు తీసేసి పరీక్షకు చదువుకుంటున్న రోజున కూడా. నా చేతులకు గాజుల్లేవు కదా అంటే నవ్వేవాడు. కాళ్ల వేగానికి పేరుపడ్డ వీరుడు కదలకుండా కూర్చున్నా కవి వాణ్ని పరుగుకాళ్లవాడనే అంటాడనీ, చేస్తున్న పనిని బట్టి కాక మనిషిని బట్టి వచ్చే పేరు అదనీ, గుణం అంటే అదేననీ చెప్పేవాడు. మా నాన్న 'నిద్రకళ్ల' తమ్ముడు. తెల్లారకముందే కొత్వాల్ చావడి మార్కెట్టుకు పోయి సరుకు దింపించుకునే మనిషి, సాయంత్రం ఇంటికి రాగానే ఎక్కడ ఒరిగితే అక్కడ నిద్రపోయేవాడు. ఫోటోల్లో కూడా కళ్లు మూతలు పడే ఉండేవి.

ఆయనకు మాత్రం విశేషణం లేదు. పేర్లు పెట్టేవాడికి పేరుండదని తప్పించుకునేవాడు. మా అమ్మ చాటుగా ఒకటి పెట్టింది, 'ముందు పీట' బావగారు అని. నిజానికి సరిపోయింది. వాకిట్లో కుర్చీలు వేస్తే మొదటిది ఆయనదే. పేపరు ముందు ఆయన చేతిలో విప్పాలి. దోసెలు పోస్తే మొదటి దోసె ఆయనకే. మొదటి దోసె ఎప్పుడూ పెనానికి అతుక్కుని చిరుగుతుంది కదా. ఆ చిరిగిన దోసెనే ఆయన జన్మంతా తిన్నాడు, రాజు విందు ఆరగించినంత దర్జాగా. మాకందరికీ ఎర్రగా గుండ్రంగా వచ్చేవి. రెండోది పెడతానని మా అమ్మ తలుపు చాటు నుంచి అంటే ఒప్పుకునేవాడు కాదు.

సాయంత్రాలు మేడ మీద చాప పరిచి ఆ కథలు చెప్పేవాడు. అక్కణ్ణుంచి హార్బరు క్రేన్లు, ఓడల కొనలు కనబడేవి. గాలి తిరిగితే చేపల రేవు వాసన కొట్టేది. మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే, ఆ పరుగుకాళ్ల వీరుడు కూడా ఓడల పక్కనే అలిగి కూర్చున్నాడనీ, వాడూ ఇదే వాసన పీల్చాడనీ అనేవాడు. కథ మాకు నోటికి వచ్చేసింది. పదేళ్లుగా సాగుతున్న యుద్ధంలో మహావీరుడికి గౌరవంగా దక్కిన కానుకను రాజు అందరి ముందూ లాక్కుంటాడు. వీరుడు కత్తి పక్కన పెట్టి గుడారంలో కూర్చుంటాడు. తనవాళ్లు చస్తున్నా లేవడు. రాజు ముగ్గురిని రాయబారం పంపుతాడు. అయినా లేవడు. చివరికి ప్రాణస్నేహితుడు వాడి కవచం తొడుక్కుని వాడి బదులు యుద్ధానికి పోయి చస్తాడు. అప్పుడు లేస్తాడు.

ఆ కానుకకు ఇంగ్లీషులో మాట దొరకలేదని ఆయన బాధ. 'ప్రైజు' అంటే బళ్లో ఇచ్చే సబ్బుపెట్టెలా ఉంటుందట. తెలుగులో ఉంది, అగ్రతాంబూలం అనేవాడు. సభలో అందరికన్నా ముందు ఎవరి చేతికి ఆకూ వక్కా అందుతాయో ఆ మనిషి విలువ అదీ. కానుక ఏమిటి పెదనాన్నా అని నేనడిగితే నసిగేవాడు. అది చెరపట్టి తెచ్చిన ఒక ఆడపిల్ల అని నాకు కాలేజీకి పోయాక తెలిసింది. ఆ పిల్లకు పరువు లేదా అని వచ్చి అడిగాను. చాలాసేపు ఓడల వంక చూసి, కవి అది రాయలేదమ్మా అన్నాడు.

కథ చివర్లో, కొడుకును పోగొట్టుకున్న శత్రుపక్షం ముసలి రాజు, చంపిన వీరుడి గుడారానికే వచ్చి కొడుకు శవాన్ని ఇమ్మని అడుగుతాడు. ఇద్దరూ ఎవరి దుఃఖం వాళ్లు ఏడుస్తారు. తర్వాత కలిసి అన్నం తింటారు. అన్నం తినడం దగ్గర పెదనాన్న గొంతు మారేది. ఆ కథ మొత్తంలో వీరత్వం అంటూ ఉంటే ఆ ముద్ద ఎత్తడమేనని ఆయన నమ్మకం. మా నాన్న మాత్రం ఇంత దూరం ఎప్పుడూ రాలేదు. రోజూ చాప మీద అగ్రతాంబూలం దగ్గరే గురక మొదలయ్యేది.

ఆ గురకే మా కొంప ముంచింది. నా పెళ్లిలో పెద్దలకు తాంబూలాలిచ్చే వేళ మా నాన్న పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. పెదనాన్న మొదటి వరుసలో మొదటి కుర్చీలో జరీ ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నాడు. అప్పుడే మగపెళ్లివారిలో ఎవరో మా నాన్న చెవిలో చెప్పారు, సంఘం పెద్దాయన వెళ్లిపోతున్నారని, ముందు ఆయనకిచ్చి పంపమని. మా నాన్న ఆలోచించిందల్లా అన్న మనవాడే కదా అని. మనవాళ్లకు మర్యాదలేమిటనుకునే మనిషి. పళ్లెంతో పెదనాన్నను దాటి పోయాడు. నేను పీటల మీద నుంచి చూశాను. పెదనాన్న అప్పటికే రెండు చేతులూ చాచాడు. చాచిన చేతుల్ని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. భోజనాల వేళకు కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ రోజు మేడ ఎక్కినవాడు మళ్లీ దిగలేదు. అంటే కాలేజీకి పోయేవాడు, బయటి వైపు మెట్ల మీద నుంచి. ఇంట్లోకి దిగే మెట్లు మాత్రం మానేశాడు. మా నాన్న మొదటి నెలలోనే పైకి పోయి, అన్నా పొరపాటైపోయింది అన్నాడు. పెదనాన్న పుస్తకం మూయకుండానే జవాబిచ్చాడు.

"నలుగురిలో పోయింది మెట్ల మీద రాదు."

మా నాన్న దిగొచ్చేశాడు. ఇంకో సభ ఎక్కడ నుంచి తేవాలి, నాకున్నది ఒక్క కూతురే అన్నాడట మా అమ్మతో. తిండి మాత్రం కిందనుంచే పోయేది. మా అమ్మ మొదటి దోసె మెట్ల మలుపులో పెట్టి తలుపు తట్టి వచ్చేది. తిండికి లేని కోపం ఏం కోపమో అని గొణుక్కునేది కానీ రెండో దోసె ఎప్పుడూ పెట్టలేదు.

నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా పైకి పోయి కూర్చునేదాన్ని. నాతో మామూలుగానే ఉండేవాడు. నాకు గాజుల చేతులు అలాగే ఉన్నాయి, అమ్మకు ఇంగువ చేతులు అలాగే ఉన్నాయి. నాన్న ప్రస్తావన వస్తే మాత్రం "మీ నాన్న" అనేవాడు, అంతే. నిద్రకళ్లు పోయాయి. అది విన్నప్పుడే నాకు తెలిసింది, ఇది ఉత్తుత్తి అలక కాదని.

మద్రాసు పేరు చెన్నై అయిన ఏడాది మా నాన్నకు గుండె దెబ్బతింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి హాల్లో మంచం వేశాం. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. ఒకరు దిగరు, ఒకరు ఎక్కలేరు. నాన్న రోజూ ఒకే మాట అడిగేవాడు, అన్న ఏమన్నా అన్నాడా అని. మరేమీ అడగలేదు. మందుల గురించి కూడా అడగలేదు.

మా అమ్మ జన్మలో మొదటిసారి తలుపు చాటు విడిచి ఆయన ఎదుటకు పోయి, ఒక్కసారి కిందికి రమ్మని అడిగింది. ఆ మర్నాడు నేను పోయాను. నన్ను చూడగానే నవ్వాడు.

"రాయబారమా? ముగ్గురు రావాలమ్మా, ఇద్దరే వచ్చినారు."

ఆ కథ ఎట్లా ముగుస్తుందో మాకంటే మీకే తెలుసు కదా పెదనాన్నా అన్నాను. తెలుసు, తెలిసినంత మాత్రాన ఎవడైనా లేచినాడా అన్నాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాను. అప్పుడు నా కూతురు పైకి వచ్చింది, చేతిలో బొమ్మతో. దానికి నాలుగేళ్లు. మా అత్తగారింట్లో తమిళమే ఎక్కువ కాబట్టి దాని తెలుగు సగం తమిళం. తాతా, కిందికి రా, ఆ తాతకు జొరం అంది. పెదనాన్న దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పెద్దవాళ్లతో చెప్పినట్టే చెప్పాడు.

"నేను దిగితే నా పరువు పోతుందమ్మా."

అది బొమ్మను పక్కన పెట్టి ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఈ చెంప చూసింది, ఆ చెంప చూసింది. గడ్డం ఎత్తి చూసింది.

"పరువు పోతే మంచిదే తాతా. అమ్మకి పోయింది. సందనం పూసుకుంది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తమిళంలో పరు అంటే మొటిమ. ఆ నెల నా చెంపల మీద లేచిన మొటిమలకు నేను గంధం రాసుకోవడం అది రోజూ అద్దం పక్కన నిలబడి చూసింది. పెదనాన్నకు నాకంటే ముందే అర్థమైంది. ముందు ఊరికే దాని వంక చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. పదేళ్ల యుద్ధం మొటిమ కోసమట, ఇన్నేళ్లలో నా క్లాసులో ఒక్కడూ చెప్పలేదే అన్నాడు. లేచి చొక్కా తొడుక్కున్నాడు. పెట్టె తెరిచి జరీ ఉత్తరీయం తీసి భుజాన వేసుకున్నాడు. పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. నేను వెనకే దిగాను. నా గుండె కొట్టుకోవడం నాకే వినబడింది. ఆ రోజుల్లో నాకు ఇంకా అలాంటివి జరిగేవి.

కింద మా నాన్న నిద్రపోతున్నాడు. మధ్యాహ్నం మాత్ర వేసుకున్న నిద్ర. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. పెదనాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తమ్ముడి మొహం చూశాడు. దుప్పటి అంచు సరిచేశాడు. నేను లేపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"లేపొద్దమ్మా. నిద్రకళ్లోడు."

ఆ మాట మళ్లీ వినబడినందుకు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. కాసేపు కూర్చుని, వచ్చినట్టే మెల్లగా పైకి వెళ్లిపోయాడు.

నాన్న లేచాక చెప్పాను, పెదనాన్న వచ్చాడని, పక్కనే కూర్చున్నాడని. నా వంక చూశాడు, అమ్మ వంక చూశాడు. ముందు మొహం వెలిగింది. తర్వాత ఏదో లెక్క కుదరనట్టు ఆరిపోయింది.

"వచ్చుంటే నన్ను లేపకుండా పోతాడా? సంతోషంగా ఉంచమని డాక్టరు చెప్పినాడని ఇట్లా అంటుండారు మీరు."

అమ్మ ఒట్టు పెట్టింది. పిల్ల, మేడ తాత వచ్చినారు అంది. దీనికీ నేర్పినారా అని దాని తల నిమిరాడు. నేను పైకి పరుగెత్తి, ఆయన నమ్మడంలేదు, ఇంకొక్కసారి రండి అన్నాను. వస్తాలే అన్నాడు పెదనాన్న. ఉత్తరీయం మడిచి పెట్టెలో పెడుతున్నాడు. ఆ వారం దాటకుండానే, ఒక ఉదయం కాఫీ తాగుతూ మా నాన్న పోయాడు. నమ్మకుండానే పోయాడు.

పెదనాన్న దిగొచ్చాడు. తలవైపు కూర్చున్నాడు. ఏడవలేదు. అంతా అయ్యాక మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పింది, తమ్ముడి నిద్ర చెడగొట్టలేక లేపలేదు, అంత ప్రేమ అని. వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. బంధువుల్లో ఇప్పటికీ ఆ మాటే తిరుగుతోంది. నేనూ అదే నమ్మాను. నమ్మడానికి చాలా బాగుంది.

కొన్ని నెలల తర్వాత ఒక సాయంత్రం మేడ మీద ఇద్దరమే ఉన్నాం. అడక్కుండానే చెప్పాడు.

"ప్రేమ కొద్దీ లేపలేదని మీ అమ్మ చెప్తోందంట. లేపితే నేను దిగొచ్చినట్టు వాడికి తెలిసిపోతుంది కదమ్మా. వాణ్ని చూడాలనిపించింది. చూసినట్టు వాడికి తెలియకూడదనిపించింది. రెండూ నిజమే."

నేను ఓడల వంక చూశాను. కోపం రావలసింది. ఎక్కణ్ణుంచీ రాలేదు. చేపల వాసన వస్తోందని కిందికి దిగిపోయాను. అప్పటి నుంచే నాకిలా ఉంది, ఏడుపూ రాదు. ఆ మాట అమ్మకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

నాన్న పోయాక ఆయన భోజనం కిందే. మొదటి దోసె పీట దగ్గరికే వచ్చేది. హాల్లో గోడకు నాన్న ఫోటో తగిలించాం. ఉన్న ఫోటోలన్నిటిలో కళ్లు మూసుకునే ఉన్నాడు. వెతగ్గా వెతగ్గా నా పెళ్లి ఆల్బంలో ఒక్కటి దొరికింది, కళ్లు పూర్తిగా తెరిచి చూస్తున్నది. సంఘం పెద్దాయనకు తాంబూలం ఇస్తున్నప్పటిది. స్టూడియోవాడు పెద్దాయన్ను తీసేసి పెద్దది చేసి ఇచ్చాడు. కింద అంచులో పళ్లెం వంపు కొంచెం మిగిలిపోయింది. తెలియనివాళ్లకు అది ఏమిటో తెలియదు. పెదనాన్న రోజూ ఆ ఫోటోకు వీపు పెట్టి కూర్చుని తినేవాడు. పీట అటు తిప్పి వేస్తే ఇటు తిప్పుకునేవాడు.

ఆటో దిగి లోపలికి పోయేసరికి ఆయన్ను మేడ మీద నుంచి దింపేశారు. మెట్ల మలుపు ఇరుకు, చాలా కష్టమైందని ఎవరో చెప్తున్నారు. హాల్లో నాన్న మంచం ఉండిన చోటే చాప వేసి పడుకోబెట్టారు. భుజాన జరీ ఉత్తరీయం కప్పారు. చేతులు రెండూ పొట్ట మీద పెట్టి ఉన్నాయి. నా కూతురు నా కొంగు పట్టుకుని, తాత నిద్రపోతున్నాడా అనలేదు. దానికి ఇప్పుడు తెలుసు. నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

తల ఆ వైపు పెట్టారేంటి, మొహం ఫోటోకు ఎదురుగా వచ్చింది కదా అని ఎవరో పెద్దావిడ అడిగింది. మా అమ్మ తలెత్తలేదు.

"నేనే పెట్టమన్నా. ఇన్నాళ్లు వీపు పెట్టినారు, ఇంక చాలు."

మేడ మీద ఆయన నాతో అన్న మాట అమ్మకు నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో అడగలేదు. పెదనాన్న మొహం వంక చూశాను, అక్కణ్ణుంచి గోడ మీదికి చూశాను. నాన్న మేలుకుని చూస్తున్నాడు.